ప్యాకేజీ మూడో ప్రశ్న: నెల్లూరు, ప్రకాశం పిల్లలకు ఐటీ దారుల పోలిక

మన వైపు బీటెక్ నాలుగో ఏడు మొదలైందంటే పెళ్లికెళ్లినా, పెద్దకర్మకెళ్లినా ఒకటే ప్రశ్న: "ప్యాకేజీ ఎంతంట?" నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో అయినా, దర్శి బస్టాండు దగ్గరైనా ఇందులో తేడా లేదు. పెద్ద అంకె చెప్పినవాడు గెలిచినట్టు, చిన్న అంకె చెప్పినవాడు తలొంచుకున్నట్టు.

నా లెక్కలో ప్యాకేజీ మూడో ప్రశ్న. మొదటిది పని గురించి. రెండేళ్లు చేశాక ఇంకో కంపెనీ ఇంటర్వ్యూలో కూర్చుంటే, "ఇది నేను కట్టాను, ఇది పాడైతే నేను బాగుచేశాను" అని తడుముకోకుండా పది నిమిషాలు చెప్పగలిగే పని అక్కడ దొరుకుతుందా? రెండోది బయటపడే దారి గురించి. కుదరకపోతే మానేయడానికి ఎంత పడుతుంది? ఇన్నేళ్లు చేస్తానని, మధ్యలో మానేస్తే డబ్బు కడతానని రాసిచ్చే బాండు, అప్పు, మానేసే ముందు పనిచేయాల్సిన నోటీసు రోజులు, అన్నీ కలిపి. ఈ రెండూ తేలాకే జీతం. కింద పోల్చినవన్నీ ఈ వరసలోనే చూశాను. ప్రభుత్వోద్యోగాల కోచింగు జోలికి పోలేదు, అది వేరే లోకం.

ఏ ఊరు

"హైదరాబాద్ అయితే మనోళ్లుంటారు" అనేది ఇళ్లల్లో మొదటి మాట. కాదనను. అమీర్‌పేటలోనో కేపీహెచ్‌బీలోనో దిగితే రూముకీ మెస్సుకీ వెతుక్కోనక్కర్లేదు. కానీ మ్యాపు చూడండి. నెల్లూరు నుంచి చెన్నై 180 కిలోమీటర్ల లోపు, హైదరాబాద్ 450 దాకా. పినాకిని రైలెక్కితే మూడు గంటల్లో చెన్నై సెంట్రల్. రోడ్డు దాటి పార్క్ టౌన్ స్టేషన్‌లో వేళచ్చేరి లోకల్ పట్టుకుంటే తిరువాన్మియూర్. స్టేషన్ పక్కనే ఐటీ ఆఫీసులుండే టైడల్ పార్కు, అక్కడి నుంచి సిరుసేరి దాకా ఓఎంఆర్ రోడ్డు పొడుగునా ఆఫీసులే. పెద్దాసుపత్రికీ, టీ నగర్‌లో పెళ్లిబట్టలకీ మనకు చెన్నై దగ్గరే. పిల్లాడి ఉద్యోగమనేసరికి అదే ఊరు పరాయి దేశమైపోతుంది.

చెన్నైకి ఇంకో బలముంది. సొంతంగా సాఫ్ట్‌వేర్ తయారుచేసి ప్రపంచానికి అమ్ముకునే కంపెనీలు అక్కడ పుట్టాయి. జోహో అక్కడిదే. 2021లో అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌లో లిస్టయిన ఫ్రెష్‌వర్క్స్ కూడా అక్కడ మొదలైందే. వాటిల్లో పనిచేసి బయటికొచ్చినవాళ్లు పెట్టుకున్న చిన్న కంపెనీలు చుట్టూ ఉన్నాయి. ఫ్రెషర్‌కి నిజమైన పని దొరికే చోట్లు అవి. తమిళం భయం ఇంటద్దె మాట్లాడేటప్పుడు, ఆటో ఎక్కేటప్పుడే. టీము మాట ఇంగ్లీషులోనే నడుస్తుంది. మన పిల్లల్లో చాలామందికి ఇంటర్వ్యూలో తగిలే దెబ్బ ఇంగ్లీషు దగ్గరే కాబట్టి, పొద్దస్తమానం తెలుగులో గడవని ఊరు మేలే చేస్తుంది.

మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్లకు ఈ లెక్క వర్తించదు. వాళ్లకు చెన్నై ఎదురుదారి, హైదరాబాదే సులువు. ఒంగోలు వాళ్లు మధ్యలో ఉన్నారు, ఏ బండైనా దొరుకుతుంది. మూడేళ్ల అనుభవం వచ్చాక మాత్రం ఎవరికైనా హైదరాబాద్ బలం పెరుగుతుంది. విదేశీ కంపెనీలు సొంతానికి పెట్టుకున్న సెంటర్లు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు వరసగా ఉన్నాయి, ఉద్యోగం మారినా ఇల్లు మారక్కర్లేదు. బెంగళూరు స్టార్టప్‌లకు పెట్టింది పేరే గానీ, అద్దె ఇంటికి నెలల తరబడి అడ్వాన్సు అడిగే ఊరది. దాన్ని రెండో ఉద్యోగానికి అట్టిపెట్టుకోండి.

విశాఖ సంగతి అడుగుతున్నారు. టీసీఎస్‌కి 99 పైసలకే 21 ఎకరాలిచ్చారు, గూగుల్ అయిదేళ్లలో 15 వందల కోట్ల డాలర్లు పెడతానని 2025 అక్టోబరులో ప్రకటించింది. సంతోషమే. అయితే గూగుల్ పెడతానన్న దాంట్లో పెద్ద ముక్క సర్వర్లు ఉండే డేటా సెంటర్. పెట్టుబడి అంకెను బట్టి కోడ్ రాసే కుర్చీలను లెక్కేసుకోకండి. పైగా నెల్లూరు నుంచి 600 కిలోమీటర్ల పైన. సొంత రాష్ట్రమైనంత మాత్రాన ఆదివారం ఇంటికొచ్చి భోంచేసి పోయే దూరం కాదు.

పెద్ద సర్వీసు కంపెనీయా, చిన్న కంపెనీయా

సర్వీసు కంపెనీ అంటే టీసీఎస్ లాంటిది, వేరే కంపెనీల పని కాంట్రాక్టుకి తీసుకుని చేసిపెట్టేది. ఏదైనా, ముందు ఆఫర్ కాగితం చదవడం నేర్చుకోవాలి. సీటీసీ, అంటే కంపెనీ ఏడాదికి మన మీద పెట్టే మొత్తం ఖర్చు, 3 లక్షల 60 వేలు అంటే ఇంట్లో నెలకు 30 వేలు అనుకుంటారు. అందులో పది శాతం వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చేది) అని రాసుంటే నెలకు 3 వేలు అక్కడే పక్కకి పోతాయి. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా 1,800, గ్రాట్యుటీ పేరుతో ఏడు వందల చిల్లర, ఇన్సూరెన్సు ఇంకో నాలుగైదు వందలు, ఇవన్నీ ఆ 30 వేలలోవే. మిగిలిన దాంట్లో మన వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 తీసేస్తే చేతికొచ్చేది 22 వేల దగ్గర. హాస్టలుకి ఏడెనిమిది వేలు కట్టాక ఇంటికి ఎంత పంపగలడో అప్పుడు చెప్పండి. జాయినింగ్ బోనస్ కలిపి ప్యాకేజీ పెద్దదిగా చూపించే కాగితాలూ ఉంటాయి. ఏడాదిలోపు మానేస్తే ఆ బోనస్ తిరిగి కట్టాలన్న వాక్యం తరవాతి పేజీలో ఉంటుంది.

అదే కంపెనీలో రెండు ధరలుంటాయన్న సంగతి నాలుగో ఏడులో చాలామందికి తెలియదు. టీసీఎస్ ఫ్రెషర్లను తీసుకోవడానికి పెట్టే ఎన్‌క్యూటీ పరీక్షే తీసుకోండి. మామూలుగా గట్టెక్కితే నింజా అనే కేటగిరీ, 3.36 లక్షలు. అడ్వాన్స్‌డ్ భాగంలో కోడింగ్ బాగా చేసి, ఇంటర్వ్యూ కూడా దాటితే డిజిటల్, దాదాపు రెట్టింపు. జీతం కంటే ముఖ్యం, ఆ రెండో గుంపుకి ప్రాజెక్టులు మెరుగ్గా దొరికే అవకాశం ఎక్కువ. కాబట్టి మూడో ఏడు ఎండాకాలం సెలవుల్లో ఇంకో సర్టిఫికెట్ కోర్సు వెతుక్కునే బదులు అర్రేలు, స్ట్రింగులు, రికర్షన్ లాంటి కోడింగ్ అంశాల మీద రోజుకు రెండు లెక్కలు చేసినవాడికి వచ్చే లాభం ఎక్కువ.

పెద్ద సర్వీసు కంపెనీలో చిక్కు ఎక్కడంటే, ప్రాజెక్టు ఏది తగులుతుందో మన చేతిలో ఉండదు. జావాలో ట్రైనింగ్ ఇచ్చి, నడుస్తున్న సిస్టంలో వచ్చే సమస్యలు చూసే సపోర్టులో వేస్తారు. కొన్నాళ్లు బెంచి, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీ. దానికి బదులుగా జీతం ఒకటో తారీఖుకి పడుతుంది, రెజ్యూమె మీద అందరికీ తెలిసిన పేరుంటుంది, నాన్నకు బ్యాంకులో లోను మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. ఇరవై మంది ఉన్న చిన్న కంపెనీలో రెండో నెలకే మన కోడ్ కస్టమర్ దగ్గరికి వెళ్తుంది. పాడైతే రాత్రి పదకొండింటికి ఫోనొస్తుంది. నేర్చుకునేది అక్కడే. జీతం ఆలస్యమయ్యేదీ అక్కడే.

నా తీర్పు ఇది. ఇంట్లో చదువు అప్పు వడ్డీ నడుస్తుంటే, చెల్లెలి ఫీజు ఉంటే, పెద్ద కంపెనీ. ఇంట్లో ఆర్నెల్లు మీ జీతం అవసరం పడకుండా గడుస్తుందనుకుంటే చిన్నదాన్ని చూడండి, కానీ ఇంటర్వ్యూ ఆఖర్లో "ఎనీ క్వశ్చన్స్?" అన్నప్పుడు "నో సర్" అని లేచి రావద్దు. మీకు డబ్బు కట్టే కస్టమర్లు ఎవరు? నేను రాసిన కోడ్ ఎవరు చూస్తారు? పోయిన ఏడాది టీములోంచి ఎంతమంది వెళ్లిపోయారు? మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే, టేబుల్ టెన్నిస్ బల్ల చూసి మురిసిపోనక్కర్లేదు.

బాండు విషయంలో ఒక అపోహ తిరుగుతుంటుంది: "కోర్టుకెళ్తే బాండు చెల్లదులే." 2025 మేలో సుప్రీంకోర్టు, మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతును సమర్థించింది. బ్యాంకు కేసు సాఫ్ట్‌వేర్ కంపెనీకి అచ్చంగా సరిపోకపోవచ్చు, కానీ సంతకం పెట్టే ముందు ఆ మొత్తాన్ని కట్టాల్సిన డబ్బుగానే లెక్కేసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గరుంచమనే చోట అసలు సంతకమే వద్దు.

ఇంటర్‌తోనే ఉద్యోగం వెతుక్కోవాల్సిన ఇళ్లూ ఉన్నాయి. హెచ్‌సీఎల్ టెక్‌బీ ఇంటర్ పాసైనవాళ్లను తీసుకుని శిక్షణిచ్చి, పనిచేస్తూ డిగ్రీ చదివిస్తుంది. గన్నవరంలో వాళ్ల క్యాంపస్ ఉంది. బీసీఏ, బీఎస్సీ వాళ్లకు విప్రోలో పనిచేస్తూ ఎంటెక్ చేసే పథకముంది, ఒప్పందం మాత్రం అయిదేళ్లు. జోహో నడిపే స్కూళ్లలో ఫీజు లేదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. పేరుకే ఉన్న కాలేజీలో నాలుగేళ్లు ఫీజు కట్టేకంటే ఇవి నయమని నేననుకుంటాను. బంధువుల్లో "మావాడు ఇంజనీరు" అనే మాట మాత్రం దొరకదు.

డబ్బు కట్టి కొనే ఉద్యోగం

కందుకూరు నుంచి వరసకు మావయ్య ఒకాయన ఫోన్ చేశాడు.

"అబ్బయ్యా, మావాడికి హైదరాబాద్‌లో కన్సల్టెన్సీ వాళ్లు మూడేళ్ల ఎక్స్‌పీరియెన్స్ పెట్టి ఎనిమిది లక్షల ప్యాకేజీ ఇప్పిస్తారంట. ముందు లక్షన్నర, చేరినాక లక్షన్నర. పొగాకు డబ్బులొచ్చుండాయి, కట్టేయమంటావా?"

"వద్దు మావా. పీఎఫ్ ఎట్ట చూపిస్తారంట?"

"అదేందో యూఏఎన్ అంట, అదీ వాళ్లే చూసుకుంటారంటలే."

"అయిపోయిన మూడేళ్ల పీఎఫ్‌ని ఇప్పుడెట్ట పుట్టిస్తారు మావా?"

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "మరి వాడి ఫ్రెండుకి వచ్చిందంటగా" అన్నాడు. వచ్చే ఉంటుంది. ఉండటమే కష్టం. యూఏఎన్ అంటే ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు, దాని పాస్‌బుక్‌లో ఏ నెల ఏ కంపెనీ ఎంత కట్టిందో తారీఖుతో సహా ఉంటుంది. ఆదాయపు పన్ను శాఖ ఫారం 26ఏఎస్‌లో జీతంలోంచి పన్ను (టీడీఎస్) ఎవరు కోశారో ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లు ముందు అడిగేవి ఇవే. చేరాక ఆర్నెల్లకి బయటపడినా ఆ రోజే లాప్‌టాప్ లాక్కుని పంపిస్తారు, రిలీవింగ్ లెటర్ కూడా రాదు. ఇవన్నీ దాటినా మూడేళ్ల అనుభవస్తుడి పని చేతికిస్తారు. అది చేయడం రాక, నెలకింత అని ఇంకొకడికి డబ్బిచ్చి రాత్రిళ్లు పని చేయించుకుంటారు. ఎక్స్‌పీరియెన్స్ దొంగదైతే, దాని మీద వచ్చిన ఎక్స్‌పీరియెన్స్ కూడా దొంగదే అవుతుంది.

ఆ 3 లక్షల్ని నెలకు 25 వేల చొప్పున పంచితే పన్నెండు నెలలు. హాస్టలు, మంచి లాప్‌టాప్, ఇంటర్నెట్, ఇంటర్వ్యూలకు తిరిగే ఛార్జీలు, అన్నీ పోను మిగులుతాయి. మావయ్యకు అదే చెప్పాను. పిల్లాడికి ఏడాది గడువివ్వండి, డబ్బు వాడి చదువు మీద పెట్టండి, కన్సల్టెన్సీ చేతిలో కాదు.

ఎమ్మెస్ సంగతి

7.5 లక్షల వరకు బ్యాంకులు ఆస్తి తాకట్టు లేకుండా చదువు లోను ఇస్తాయి. అమెరికాకు అది చాలదు కాబట్టి చాలా ఇళ్లల్లో మాగాణి కాగితాలో, ఇంటి కాగితాలో బయటికి తీయాల్సొస్తుంది. 40 లక్షలు 11 శాతానికి తీసుకుంటే ఏడాది వడ్డీయే 4 లక్షల 40 వేలు. పదేళ్లకు ఈఎంఐ వేస్తే నెలకు 55 వేల చిల్లర. అక్కడ ఉద్యోగముంటే అది చిన్న మొత్తం. వెనక్కొచ్చి ఇక్కడ ఫ్రెషర్‌గా చేరితే, జీతం మొత్తం ఇచ్చినా చాలదు.

చదువయ్యాక అక్కడ పనిచేయనిచ్చే ఓపీటీ ఏడాది, టెక్నాలజీ డిగ్రీలకు ఇంకో రెండేళ్లు, మొత్తం మూడేళ్లు. ఆలోపు హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీ తగలాలి. ఏటా 65 వేలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20 వేలు, అంతే. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. అక్కడే చదువుతూ వీసా స్టేటస్ మార్చుకునేవాళ్లకు అది పడదని తర్వాత వివరణ వచ్చింది గానీ, రూల్సు ఎప్పుడెలా మారతాయో ధీమాగా చెప్పే పరిస్థితి లేదు. కాబట్టి బీటెక్ అయిన వెంటనే పోవడం, రెండు మూడేళ్లు ఇక్కడ మంచి పని చేసి పోవడం, ఈ రెండింట్లో నేను రెండోదానికే ఓటేస్తాను. అక్కడి ఇంటర్వ్యూలో చెప్పడానికి పనుంటుంది, వెనక్కి రావాల్సొచ్చినా ఫ్రెషర్‌గా రారు.

మూడేళ్లు దాటాక

ఇక్కడ చిక్కుకున్నవాళ్లే నాకు ఎక్కువ కనిపిస్తారు. మొదటి ఉద్యోగం ఎలాగో దొరుకుతుంది. సపోర్టులోనో, మాన్యువల్ టెస్టింగ్‌లోనో నాలుగేళ్లు గడిచాక, "ఇప్పుడేం కోర్సు చేయమంటారన్నా?" అని అడుగుతారు. సేల్స్‌ఫోర్సా, ఎస్ఏపీనా, క్లౌడా, డేటా సైన్సా? నా జవాబు విసుగు పుట్టిస్తుంది: ముందు మీ ఉద్యోగంలోనే వెతకండి.

ఉదాహరణకు రాత్రి షిఫ్టు సపోర్టు. ఒంటిగంటకు ఒక బ్యాచ్ జాబ్ (వేళకి దానంతటదే నడవాల్సిన ప్రోగ్రాం) ఫెయిలవుతుంది. మీరు లాగ్ తెరుస్తారు, ఏ ఫైలు రాలేదో చూస్తారు, మళ్లీ స్టార్ట్ చేస్తారు, మెయిల్ పెడతారు, టికెట్ మూసేస్తారు. వారానికి మూడుసార్లు ఇదే. పైథాన్‌లో వంద లైన్ల స్క్రిప్టు రాసి, ఫైలు రాకపోతే ముందే కబురొచ్చేలా, వచ్చాక జాబ్ దానంతటదే మొదలయ్యేలా చేసి, టీమ్ లీడర్‌కి చూపించి, టీమంతా వాడేలా చేయండి. నిన్నటిదాకా రెజ్యూమెలో "ఎల్2 సపోర్ట్ అందించాను, టికెట్లు సకాలంలో పరిష్కరించాను" అనుండేది. ఇప్పుడు "ఫైళ్ల ఆలస్యంతో ఆగిపోయే బ్యాచ్ జాబులను ఆటోమేట్ చేశాను, ఆ తరహా టికెట్లు దాదాపు ఆగిపోయాయి" అని రాస్తారు. ఎలా చేశారని ఎవరడిగినా అరగంట చెప్పగలరు. సాఫ్ట్‌వేర్‌ను నడిపే పనులను ఆటోమేట్ చేసే డెవాప్స్ వైపు దారి అక్కడి నుంచి తెరుచుకుంటుంది. కొత్త కోర్సు సర్టిఫికెట్‌తో వచ్చినవాడికి ఆ అరగంట ఉండదు. మాన్యువల్ టెస్టింగ్ వాళ్లకూ అంతే. టెస్టింగ్‌ని ఆటోమేట్ చేసే సెలీనియమో ప్లేరైటో నేర్చుకుని, మీరు రోజూ చేత్తో నొక్కే పేజీల మీదే మొదటి స్క్రిప్టు రాయండి.

ఏఐ వచ్చాక ఇది ఇంకా గట్టిగా చెప్పాల్సొస్తోంది. ఫలానా ఫంక్షన్ రాయమంటే అది రాసిపెడుతుంది. అర్ధరాత్రి ఆ ఫైలు ఎందుకు రాలేదో, ఎవరికి ఫోన్ చేయాలో, ఏది ముట్టుకుంటే ఇంకేది కూలుతుందో తెలిసినవాడి అవసరం పోలేదు.

కంపెనీ మారడమా, ఉండటమా? కొత్తది నేర్చుకోవడం ఆగిపోతే మారాలి. పక్క క్యూబికల్‌వాడికి 40 శాతం హైక్ వచ్చిందని మారితే, ఏడాది తిరిగేసరికి మళ్లీ వెతుక్కుంటారు. పెద్ద సర్వీసు కంపెనీల్లో నోటీసు 90 రోజులు, పిలిచే కంపెనీకేమో నెలలో రావాలి. ఆ తొందరలో చేతిలో ఆఫర్ లేకుండానే రాజీనామా ఇచ్చేస్తున్నారు. పెళ్లి కానివాళ్లు, ఆర్నెల్ల ఖర్చు దాచుకున్నవాళ్లు చేస్తే చేయొచ్చు. ఇంటి ఈఎంఐ ఉన్నవాళ్లు మాత్రం నోటీసును డబ్బిచ్చి తగ్గించుకునే వీలు కంపెనీలో ఉందో లేదో ముందు కనుక్కోండి, ఆ డబ్బు కొత్త కంపెనీ ఇస్తుందేమో అడగండి. అడిగితే ఇచ్చేవాళ్లున్నారు.

ఏడెనిమిదేళ్లకు ఇంకో మలుపు: మేనేజరా, టెక్నికలా? మన దగ్గర మేనేజరంటే పెద్దరికం, పెళ్లి సంబంధాల్లో కూడా విలువ. 2025 జూలైలో టీసీఎస్ సుమారు 12 వేల మందిని తగ్గిస్తామన్నప్పుడు ఎక్కువగా మధ్య, పై స్థాయి వాళ్లనే అంది. ఎక్సెల్ షీటులో స్టేటస్ నింపడం ఒక్కటే పనిగా ఉన్న మేనేజర్ కుర్చీ ఇప్పుడు గట్టిది కాదు. మనుషులతో పని చేయించడం నిజంగా ఇష్టమైతే వెళ్లండి, కానీ వారంలో కొంతసేపైనా కోడ్ చదవడం, డిజైన్ మీటింగుల్లో మాట్లాడటం వదలొద్దు.

ఇక అందరికీ ఉండే ఆశ, ఊళ్లోనే ఉండి సిటీ జీతం తీసుకోవడం. కరోనా రోజుల్లో కావలిలో మేడ మీద గదిలో కూర్చుని అమెరికా క్లయింటుతో మాట్లాడినవాళ్లు ఎందరో. తర్వాత కంపెనీలు ఒక్కొక్కటిగా వెనక్కి పిలిచాయి, టీసీఎస్ 2023 అక్టోబరు నుంచి వారానికి అయిదు రోజులూ రమ్మంది. పూర్తి రిమోట్ ఉద్యోగాలు ఇప్పటికీ ఉన్నాయి గానీ తక్కువ. రెండు మూడేళ్ల అనుభవంతో అవి వద్దంటాను. పక్కన కూర్చుని నేర్పే మనిషి లేకుండా ఎదగడం కష్టం. ఆరేడేళ్లు దాటి, సొంతంగా పని లాగగలిగితే, జీతం కొంత తగ్గినా నెల్లూరులో గడిచే బతుకు హాయిగానే ఉంటుంది.

దానికి ఏర్పాట్లుండాలి. వేర్వేరు కంపెనీల నెట్ లైన్లు రెండు, ఇన్వర్టర్, తుఫాను రోజులకు ఇంకో ఊళ్లో కూర్చునే చోటు. 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన రెండు జిల్లాల్లో కరెంటు ఎలా పోయిందో మర్చిపోయే సంగతి కాదు. ఇంట్లోవాళ్లతోనూ ముందే మాట్లాడుకోవాలి. "ఇంట్లోనే ఉన్నావుగా" అని పదకొండింటికి బ్యాంకుకీ, మూడింటికి పేరంటానికి దింపడానికీ పిలుస్తుంటే ఆ ఉద్యోగం ఎక్కువ కాలం నిలవదు. ఒప్పుకునే ముందు ఆఫర్ లెటర్‌లో పనిచేసే చోటు అన్న గడి చూడండి. అక్కడ "రిమోట్" అని కాకుండా హైదరాబాద్ అనో బెంగళూరు అనో ఉండి, ఇంటి నుంచి చేసుకోవచ్చని హెచ్ఆర్ ఫోన్లో మాత్రమే చెబితే, ఆ మాటను మెయిల్లో పెట్టించుకోండి. పెట్టకపోతే, ఎప్పుడో ఒకప్పుడు ఆ ఊరికి రమ్మంటారనుకునే జీతం మాట్లాడుకోండి.